పీడనం వాళ్ళు, సాంద్రత వాళ్ళు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే ప్రశ్న. "మేడమ్, ప్రెషర్ బేస్డ్ సాల్వర్ మంచిదా, డెన్సిటీ బేస్డ్ సాల్వర్ మంచిదా?" గరిటె మంచిదా, అట్లకాడ మంచిదా అని వంట చేసేవాళ్ళని అడిగితే ఏం చెబుతారు? పొయ్యి మీద ఏముందో చూసి చెబుతారు. నా జవాబూ అంతే. అయితే ఇంత చిన్న జవాబు వంటబట్టడానికి నా ఉద్యోగంలో సగం గడిచిపోయింది. ఈ ప్రశ్న మీద పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు మాటలు మానుకోవడం, వేరు వేరు బల్లల దగ్గర భోంచెయ్యడం నా కళ్ళతో చూశాను. ఒకసారి మాత్రం ఈ పట్టింపుల వల్ల ఒక గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కోనసీమలో కొత్తపేట. నాన్నగారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. రెండింటిలో ఎక్కడ తప్పు దొర్లినా ఒకేలా మొహం పెట్టేవారు. నేను హైదరాబాదులో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరు అడ్డుపడ్డారు అన్నవి ఇందులో రాయను. అవన్నీ మర్చిపోయాను. ఒకటి మాత్రం మర్చిపోలేదు గానీ అదీ రాయను.

మేం చేసే పని

మా పని గురించి చుట్టాలు అడిగితే "గాలి లెక్కలు" అని చెప్పేదాన్ని. అంతకంటే మంచి పేరు ఇప్పటికీ దొరకలేదు. గొట్టంలోనో, గదిలోనో, యంత్రంలోనో గాలి, నీరు, గ్యాసు ఎలా ప్రవహిస్తాయో కంప్యూటర్లో లెక్క కట్టడం మా పని. ఆ స్థలాన్నంతా చిన్న చిన్న గళ్ళుగా విడగొడతాం. లక్షల గళ్ళు. ప్రతి గడిలోకీ ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత వేగంతో పోయింది అన్నవి ఒకదానితో ఒకటి పొసగేదాకా కంప్యూటరు మళ్ళీ మళ్ళీ లెక్క కడుతూ ఉంటుంది. అది లెక్క కట్టే తీరునే సాల్వర్ అంటాం.

ఇందులో ముఖ్యమైన పద్ధతులు రెండు. ఒకటి, ప్రెషర్ బేస్డ్ అనేది, పీడనంతో, అంటే ఒత్తిడితో మొదలవుతుంది. పీడనం ఇక్కడ ఇంత ఉందనుకుందాం అని ఊహించి, దాన్నిబట్టి వేగాలు కట్టి, ప్రతి గడిలోకీ వచ్చిందీ పోయిందీ సరిపోయిందా అని చూస్తుంది. సరిపోకపోతే పీడనాన్ని కాస్త సవరించుకుని మళ్ళీ మొదటికి వస్తుంది. నెమ్మదిగా సాగే ప్రవాహాల కోసం పుట్టిన పద్ధతి ఇది. నీళ్ళ గొట్టాలు, ఫ్యాన్లు, గదుల్లో గాలి, ఇలాంటివి. రెండోది, డెన్సిటీ బేస్డ్ అనేది, సాంద్రతను పట్టుకుంటుంది. గడిలో పదార్థం ఎంత ఉంది, దాని ఊపెంత, శక్తెంత అన్నవి కలిపి ఒకేసారి కట్టి, ఆ సాంద్రత నుంచి పీడనాన్ని రాబడుతుంది. ఇది ధ్వని వేగాన్ని అందుకునే ప్రవాహాల కోసం పుట్టింది. విమానాలు, రాకెట్లు, ఎక్కువ ఒత్తిడిలోంచి ఒక్కసారిగా బయటికి దూకే గ్యాసు దీని రాజ్యం.

ఇప్పుడు రెండూ బాగా ఎదిగాయి. జాగ్రత్తలు తీసుకుంటే పీడనం పద్ధతితో వేగమైన ప్రవాహాలూ కట్టొచ్చు, కొన్ని సర్దుబాట్లు చేస్తే సాంద్రత పద్ధతితో నెమ్మదైనవీ కట్టొచ్చు. కాకపోతే ఏది ఎక్కడ తడబడుతుందో తెలుసుకుని వాడుకోవాలి. మా రోజుల్లో ఈ మాట మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేము.

రెండు బల్లలు

మా ఆఫీసుకి పెద్ద చక్రపాణి గారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి ఉండేవారు. ఆయన కుర్రతనంలో పీడనం పద్ధతి మీద సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నారు. దాన్ని కన్నకూతురిలా చూసుకునేవారు. ఎవరైనా దాని వేగం గురించి ఒక మాటంటే ఆ రోజుకి వాళ్ళతో మాటల్లేవు. సాంద్రత పద్ధతిని "రాకెట్ల వాళ్ళ యవ్వారం" అనేవారు. మా ఆఫీసులో సగంమంది ఆయన శిష్యులు, నేనూ వాళ్ళలోదాన్నే. మిగతా సగం విమానాల చదువులు చదివి వచ్చినవాళ్ళు. వాళ్ళకి సాంద్రత పద్ధతి తప్ప మిగతావన్నీ ప్లంబింగు పనుల కింద లెక్క.

మధ్యాహ్నం క్యాంటీన్లో వీళ్ళదొక బల్ల, వాళ్ళదొక బల్ల. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే అడిగేవారు, "మీరు పీడనం వాళ్ళా, సాంద్రత వాళ్ళా?" అని. ఎదుట ఉన్న ప్రవాహం నెమ్మదైనదా, వేగమైనదా అని చూసి కాదు, ఎవరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో చూసుకుని సాల్వర్ ఎంచుకునేవాళ్ళం. బయటివాళ్ళకి ఇది నమ్మశక్యంగా ఉండదు. కానీ ఈ వృత్తిలో ఇప్పటికీ ఇదే జరుగుతోంది, మీరే చూస్తారు.

అయితే చక్రపాణి గారు ఒక మంచి ఆచారం పెట్టారు. దాన్ని మారు లెక్క అనేవారు. ముఖ్యమైన పని ఏదైనా సరే, ఒక పక్షం వాళ్ళు కట్టిన లెక్కని రెండో పక్షం వాళ్ళు తమ పద్ధతిలో మళ్ళీ కట్టాలి. మొదటి జవాబు చూడకుండా కట్టాలి. రెండూ కలిస్తేనే రిపోర్టు బయటికి వెళ్ళాలి. ఒకరంటే ఒకరికి పడదు గనక ఎవరూ ఎవరికీ మొహమాటపడరని ఆయన ధీమా. నిజంగానే ఆ ఆచారం మమ్మల్ని చాలాసార్లు కాపాడింది.

కొబ్బరి చిప్పలకి బూజు

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి వ్యాపారి ఎండుకొబ్బరి చిప్పలు ఆరబెట్టడానికి పెద్ద గది కట్టించుకున్నారు. ఒక పక్క నుంచి వేడిగాలి పంపి రెండో పక్కకి లాగే ఏర్పాటు. చిన్న పని కదా అని మారు లెక్క పెట్టుకోలేదు. సాంద్రత పక్షంలో ఒకాయన తన పద్ధతిలోనే కట్టేసి, రంగురంగుల బొమ్మలు అచ్చు వేయించి ఇచ్చారు. గాలి ప్రతి మూలకీ చక్కగా వెళ్ళినట్టు ఉంది బొమ్మలో. కొన్నాళ్ళకి ఆ వ్యాపారి ఒక సంచీ పట్టుకుని హైదరాబాదు వచ్చారు.

"బొమ్మ చాలా బాగుందండీ, ఆయ్," అన్నారు కూర్చోగానే. "మా ఇంట్లో గోడకి పెట్టేం కూడానూ. ఈ మూలకి గాలెళ్తుందని ఇందులో వేసేరు. మరి ఆ మూల చిప్పలకి బూజెందుకు పట్టిందంటారు?" అంటూ సంచీలోంచి నల్లగా బూజు పట్టిన చిప్పలు తీసి బల్ల మీద పెట్టారు. కాన్ఫరెన్స్ గదంతా ముక్కిపోయిన వాసన.

జరిగింది ఇది. ఆ గదిలో గాలి మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతుంది. సాంద్రత పద్ధతి ధ్వని వేగంతో పరిగెత్తే అలల్ని వెంబడించడానికి పుట్టింది. ఇక్కడ సాంద్రత మారేది అంతంతమాత్రం. ఆ కాస్త మార్పూ లెక్కలో దొర్లే చిన్న చిన్న తప్పుల్లో మునిగిపోతుంది. పైగా ఆ వేగంలో ఆ పద్ధతి గాలికి లేని చిక్కదనం తెచ్చిపెడుతుంది. మూలలో సుడి తిరిగి నిలిచిపోతున్న గాలిని అది నున్నగా చదును చేసేసింది. అందుకే బొమ్మ అంత అందంగా వచ్చింది. చక్రపాణి గారు అదే గదిని పీడనం పద్ధతిలో కట్టి, సుడి ఎక్కడుందో చూపించి, గాలి తిరిగేలా ఒక రేకు అడ్డం పెట్టించారు. బూజు పోయింది.

ఆ తర్వాత చాలాకాలం చక్రపాణి గారిని భరించడం కష్టమైంది. క్యాంటీన్లో సాంద్రత వాళ్ళ బల్ల పక్కనుంచి వెళ్తూ "ఏమయ్యా, కొబ్బరి తింటారా?" అనేవారు. ఆయనంటే నాకు ఎంతో గౌరవం, ఇష్టం కూడా. కానీ గెలిచినప్పుడు మనిషికి కాస్త కళ్ళు నెత్తికెక్కుతాయి. ఆయనకీ ఎక్కాయి.

తోటల మధ్య స్టేషను

అలాంటి సమయంలో గ్యాస్ స్టేషను పని వచ్చింది. కోనసీమలోనే, కొబ్బరి తోటల మధ్య ఉంది ఆ స్టేషను. చుట్టుపక్కల బావుల నుంచి గ్యాసు అక్కడికి చేరుతుంది, అక్కడినుంచి పెద్ద పైపుల్లోకి వెళ్తుంది. ట్యాంకులో ఒత్తిడి హద్దు మీరితే దానంతటదే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఒకటి ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌కి ఉండే సేఫ్టీ వాల్వు లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. అది తెరుచుకుంటే గ్యాసు ఒక గొట్టంలోంచి దూరంగా, ఎత్తుగా వెళ్ళి బయట పడాలి. పాత గొట్టం మార్చి కొత్తది వేస్తున్నారు. దాని వెడల్పు చాలుతుందా లేదా చెప్పమని అడిగారు.

వెడల్పు చాలకపోతే ఏమవుతుందో చెప్పాలి. గ్యాసు గొట్టంలో ధ్వని వేగాన్ని అందుకుంటే అక్కడ ఇరుక్కున్నట్టవుతుంది. ఆపైన బయట ఎంత ఖాళీ ఉన్నా అంతకుమించి పోదు. వెనకాల ఒత్తిడి పేరుకుంటుంది. వాల్వు తెరుచుకుని కూడా తన పని తాను చేయలేదు. అప్పుడు ట్యాంకు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. దానికి దగ్గర్లోనే చిన్న గదిలో షిఫ్టుకి నలుగురు మనుషులు కూర్చుని ఉంటారు.

పని గట్టిది గనక మొదటి లెక్క చక్రపాణి గారే కట్టారు. తన పద్ధతిలో, తన ప్రోగ్రాంతో, ఇన్నాళ్ళూ నెమ్మది ప్రవాహాలకి అచ్చొచ్చిన సర్దుబాట్లతోనే కట్టారు. వెడల్పు చాలుతుందని వచ్చింది. మారు లెక్క సాంద్రత పక్షానికి వెళ్ళింది. ఆ పక్షంలో అందరికీ వేరే పనులున్నాయి. కొత్తగా చేరిన ప్రసన్న చేతికిచ్చారు. రిపోర్టు మరునాటికల్లా వెళ్ళిపోవాలన్నారు.

ప్రసన్నది ముమ్మిడివరం. వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు. అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఈ అమ్మాయిని చదివించింది. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పర్మినెంటయితే అక్క తిరిగి వచ్చేయొచ్చని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. నాకీ సంగతులన్నీ తెలుసు. మా కోనసీమ అమ్మాయి అని, బల్ల వేరైనా నేనే దగ్గర పెట్టుకుని ఆఫీసు పని నేర్పేదాన్ని.

ప్రసన్న మారు లెక్క ముగించింది. రెండూ సరిపోయాయని రాసింది. రిపోర్టు వెళ్ళిపోయింది.

క్యాంటీన్లో

కొద్ది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ప్రసన్న ప్లేటు పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అన్నం కలిపింది గానీ తినలేదు.

"అక్కా, ఒక మాట చెప్పాలండి."

"చెప్పు."

"ఆ గొట్టం లెక్క నేను మొదట్నించీ కట్టలేదండి. మొదలెట్టిన ప్రతిసారీ పేలిపోయిందండి."

లెక్క పేలడమంటే మా భాషలో అంకెలు అదుపు తప్పి కంప్యూటరు చేతులెత్తేయడం. సాంద్రత పద్ధతిలో గ్యాసుని ఒక్కసారిగా వదిలితే అలా అవుతూనే ఉంటుంది. ప్రసన్న సాయంత్రం దాకా కుస్తీ పట్టింది. ఇక దారి తోచక చక్రపాణి గారి లెక్క ఉన్న ఫోల్డరు తెరిచి, ఆయన జవాబునే తన లెక్కకి మొదలుగా పెట్టుకుంది. మళ్ళీ పేలకుండా అడుగు చాలా చిన్నది చేసింది. అంటే కంప్యూటరు ఒక్కో విడతకీ చీమంత మాత్రమే కదిలేలా బిగించేసింది. ఇక తప్పు కొలిచే గీత తెర మీద బుద్ధిగా కిందికి దిగి నిలబడింది. చూసేవాళ్ళకి లెక్క కుదిరినట్టే ఉంటుంది. జవాబు చక్రపాణి గారి జవాబుతో అచ్చంగా కలిసింది. కలవక ఏమవుతుంది, అది ఆయన జవాబే కదా.

"మరి ఇప్పుడెలా తెలిసింది?"

"నిన్న మిషను ఖాళీగా ఉంటే, ఎందుకో మనసాగక, ఆ అడుగు పెద్దది చేసి వదిలేనండి. పొద్దున్నొచ్చి చూస్తే కదిలిందండి అక్కా. ఇరుకు పడే చోటు వెనక్కి, వాల్వు దగ్గరకంటా వచ్చేసింది. వాల్వుని వెనక్కి తోసే ఎదురు ఒత్తిడి చాలా ఎక్కువొస్తోంది." గొంతు తగ్గించింది. "వాల్వు తెరుచుకున్నా గ్యాసు సరిగా పోదండి. ఆ గొట్టం చాలదు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే నాకు ముందు స్టేషను గుర్తు రాలేదు. కువైట్‌లో ఉన్న ఆ అక్క గుర్తొచ్చింది. ఈ పిల్ల నోరు విప్పితే ఉద్యోగం పోయినట్టే అనిపించింది.

"ఇంకెవరికైనా తెలుసా?"

"తెలీదండి. నేను చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలీదండి. నాకదే భయంగా ఉంది." కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఆ తోటల్లోకి మా నాన్న సైకిలేసుకుని వెళ్తుంటాడండి అక్కా. అక్కడ పనిచేసేవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు."

నేను వెళ్ళి చెప్పేస్తానన్నాను. వద్దంది. తనే చెప్పాలంది. "మీరు పక్కనుండండి చాలు," అంది. ఆ ప్లేటు అలాగే వదిలేసి ఇద్దరం లేచాం.

సరిపోవడం, కదలకపోవడం

చక్రపాణి గారి గదిలో ఆ అమ్మాయి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "సార్, నేను కట్టింది మారు లెక్క కాదండి. మీ లెక్కలోంచే మొదలెట్టేను."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "రెండూ సరిపోయాయని రాశావు కదమ్మా?"

"సరిపోలేదండి సార్. అది కదల్లేదు. అంతే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన కోపం నాకు తెలుసు. పైగా ఆ అమ్మాయి చెబుతున్నది తన తప్పొక్కటే కాదు, ఆయన తప్పు కూడా. అదీ రాకెట్ల వాళ్ళ పద్ధతితో పట్టుకున్న తప్పు. కొబ్బరి చిప్పల తర్వాత ఆయన అన్న మాటలన్నీ ఆ గదిలో ఉన్నట్టే అనిపించింది.

ఆయన లేచి చొక్కా చేతులు ఇంకొక మడత వేసుకున్నారు. "పద. నీ మిషను దగ్గరికి పద. మొదట్నించీ కడదాం."

ప్రసన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. "గ్యాసంతా ఒక్కసారే వదిలితే ఏ లెక్కయినా పేలుతుందమ్మా. బయట ఒత్తిడిని ముందు లోపలి ఒత్తిడికి దగ్గరగా పెట్టు. మెల్లగా దించుకుంటూ రా. నీ పద్ధతికైనా నా పద్ధతికైనా అదే వైద్యం." ఈ చిన్న కిటుకు ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. సాంద్రత వాళ్ళకి తీరిక లేదు. పీడనం వాళ్ళు ఆ బల్ల దగ్గరికి వెళ్ళరు. నేను ఉండీ, ఆ పద్ధతి నాది కాదు గనక ఆమె ఎక్కడ తడబడుతోందో అడగలేదు.

ఈసారి పేలలేదు. బయట ఒత్తిడి దించుకుంటూ వచ్చేకొద్దీ గ్యాసు వేగం పెరిగింది. వాల్వు దాటాక గొట్టం వెడల్పయ్యే చోట ధ్వని వేగాన్ని మించిపోయి, ఒక సన్నటి గీత దగ్గర ఠక్కున తగ్గింది. దాన్ని షాక్ అంటాం. చక్రపాణి గారి పాత లెక్కలో గళ్ళు పెద్దవి గనక ఆ గీత అలుక్కుపోయి అసలు కనిపించనే లేదు. అందుకే ఎదురు ఒత్తిడి తక్కువగా వచ్చింది. ఇది పీడనం పద్ధతి తప్పు కాదు. నెమ్మది ప్రవాహాల కోసం బిగించిన సర్దుబాట్లను వేగమైన దానిమీద పెట్టిన తప్పు. ఆయనకి ఇది నాకంటే ముందే తెలిసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఆ గీతని చాలాసేపు చూశారు.

తర్వాత ఫోన్ తీసి స్టేషన్ ఇంజినీరుకి చేశారు. మా ముందే, స్పీకరు పెట్టి.

"గొట్టం వచ్చేసిందండీ," అన్నారు ఆయన అటునుంచి హుషారుగా. "వెల్డింగువాళ్ళు కూడా దిగేరు. రేపు మొదలెట్టేస్తాం."

"మొదలెట్టొద్దండి. ఆ వెడల్పు చాలదు."

"మీరే కదండీ చాలుద్దని రాసిచ్చేరు?"

"రాశాను. నా లెక్క తప్పు. మొదటి లెక్క నాదే, తప్పూ నాదే. కొత్త వెడల్పు పంపిస్తాను, ఈలోగా పని ఆపించండి."

ప్రసన్న మాట ఆయన ఎత్తలేదు. అవతలాయన చాలా మాటలన్నారు. అన్నీ నిలబడి విన్నారు.

ఆ కంపెనీ మాకు మళ్ళీ చాలాకాలం పని ఇవ్వలేదు. మా కన్సల్టెన్సీ యజమాని మండిపడ్డారు. ఆ అమ్మాయిని పంపేయమన్నారు. చక్రపాణి గారు గొంతు పెంచకుండా అన్న మాట నాకు బాగా గుర్తుంది. "పంపేయండి. రేపటినుంచి ఈ ఆఫీసులో తప్పు కనిపెట్టినవాళ్ళంతా నోరు మూసుకుంటారు. అది మీకిష్టమైతే ఇవాళే పంపేయండి." పంపలేదు.

కొత్త రిపోర్టులో మొదటి లెక్క కింద ప్రసన్న పేరు పెట్టించారు. మారు లెక్క తాను కట్టారు. పీడనం పద్ధతిలోనే, కానీ ఈసారి సన్నటి గళ్ళతో, పీడనాన్నీ వేగాన్నీ వేడినీ కలిపి కట్టారు. ప్రసన్న జవాబు చూడకుండా, తన గది తలుపు వేసుకుని కట్టారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ షాక్ గీత ఇంచుమించు అదే చోట నిలబడి ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు పద్ధతులూ మొదట్నించీ ఒకే మాట చెబుతున్నాయి, మేమే వినలేదు.

మీకు చెప్పదలిచింది

వేరే జవాబులోంచి లెక్క మొదలెట్టడం పాపమేమీ కాదు. అందరం చేస్తాం. కానీ మొదలెట్టాక దాన్ని కదలనివ్వాలి. అక్కడినుంచి వెళ్ళిపోవడానికి దారి ఉండీ వెళ్ళలేదంటేనే అది జవాబు. కట్టిపడేసి, కదల్లేదు కాబట్టి సరైనదే అనుకోకండి. తెర మీద గీత దిగిందని సంతోషించకండి, లోపలికి వచ్చిందీ బయటికి పోయిందీ సరిపోయిందా అని మీరు విడిగా కూడి చూడండి. కంప్యూటరు దగ్గర కూర్చోకముందే జవాబు సుమారుగా ఎంత ఉండాలో కాగితం మీద కట్టుకోండి. ఇది చాదస్తం అంటారు, అననివ్వండి.

బొమ్మ అందంగా ఉంటే అనుమానించండి. ఇది నేను చాలా కటువుగా చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు అన్నిటికన్నా బాగా చేసేది బొమ్మలే.

ఇక మీరు పీడనం వాళ్ళా, సాంద్రత వాళ్ళా అని ఎవరైనా అడిగితే, రెండో బల్ల దగ్గర ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చోండి. ఆ రోజు తర్వాత చక్రపాణి గారు అలాగే చేశారు. మొదట్లో ఆ బల్ల దగ్గరివాళ్ళు బిక్కచచ్చి అన్నం తిన్నారు. తర్వాత అలవాటయింది.

ప్రసన్న పర్మినెంటయింది. వాళ్ళక్క కువైట్ నుంచి వచ్చేసింది. ఇప్పుడు మా ఆఫీసుకి ప్రసన్నే పెద్ద.

వాల్వు తెరుచుకున్న రోజు

నేను అమలాపురం వచ్చాక చర్చిలో ఏసుపాదం గారు పరిచయమయ్యారు. మనిషి పొట్టిగా ఉంటారు గానీ గొంతు పెద్దది, పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. ఆ స్టేషన్లోనే షిఫ్ట్ ఆపరేటరుగా పనిచేస్తున్నారని కొన్నాళ్ళకి తెలిసింది. నేనేమీ చెప్పలేదు. చెప్పడానికేముంది?

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆయనే మొదలెట్టారు. "అమ్మగారూ, మొన్న మా స్టేషన్లో వాల్వు తెరుచుకుందండీ. నేను చేరేక ఇదే మొదలు. ఏం మోతండీ బాబూ! తోటలో కాకులన్నీ లేచిపోయేయి."

వెంటనే అడిగాను. "ఒత్తిడి ఎక్కడిదాకా వెళ్ళిందండీ?"

"ఎర్ర గీత దాకా వచ్చిందండీ. వాల్వు తెరుచుకోగానే అక్కడే ఆగి, సర్రున దిగిపోయింది. ఆయ్. కాసేపటికి మూసుకుంది."

అంతే. అంతే జరగాలి. దాని కోసమే లెక్కలు కట్టాం. అయినా చర్చి మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏసుపాదం గారు కంగారుపడి మంచినీళ్ళు తెస్తానన్నారు. వద్దని చెప్పి, ఫోన్ తీసి ప్రసన్నకి చేశాను. వాల్వు తెరుచుకుందనీ, ఒత్తిడి దిగిందనీ చెప్పాను. ఆ అమ్మాయి మెల్లగా అడిగింది, "అక్కా, అక్కడున్న మనుషులో?"

"నువ్వే అడుగు," అని ఫోన్ ఏసుపాదం గారి చేతికిచ్చాను. "ఆ గొట్టం వెడల్పు లెక్క కట్టిన అమ్మాయండీ. ముమ్మిడివరం."

ఆయన ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని, తన మామూలు గొంతుతోనే మాట్లాడారు. స్పీకరు అక్కర్లేకుండానే ప్రసన్న మాట నాకు వినిపించింది. "ఎవరికైనా ఏమైనా అయిందాండీ? ఏదైనా నష్టం జరిగిందాండీ?"

"జరక్కేమమ్మా," అన్నారు ఆయన. "అప్పుడే నలుగురం అన్నాలకి కూర్చున్నాం. ఆ మోతకి ఉలిక్కిపడ్డానా, చేపల పులుసు కేరేజీ బోర్లా పడిపోయింది. మా ఆవిడ పొద్దున్నే లేచి పెట్టిందమ్మా. ఒక్క ముక్క కూడా దక్కలేదు."

ఆయన కాసేపు విని, ఫోన్‌ని చూసి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత అయోమయంగా నాకు తిరిగి ఇచ్చేశారు.

"ఆయమ్మ ఏడుస్తుందేంటండీ?" అన్నారు. "పోయింది నా పులుసు కదండీ."